ముదిరిన ముగ్గు

మంచి పనిని పెద్దమనిషి కంట్లో పడేస్తే దానికి ఇంకా మంచి జరుగుతుందని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. మొన్న నరసరావుపేటలో మనవరాలి బడికి వెళ్తే, ఆవరణలో పిల్లలు పువ్వు ఆకారంలో కొత్తిమీర, మెంతికూర పెంచారు. చూడముచ్చటగా ఉంది. పక్కనే బోర్డు: ‘ఆకులు కోయరాదు.’ అది చదవగానే మోకాళ్ళ నొప్పికి తోడు పాత నొప్పి ఒకటి లేచి కూర్చుంది.

ఎనభైల నాటి సంగతి. కారంపూడి దగ్గర మా ఊళ్ళో నేను కొత్త బడిపంతుల్ని. తిండీ మకాం మా మేనత్త ఇంట్లో. వీధి చివర బోరింగు పంపు నీళ్ళు ఊరికే పారిపోయే ఖాళీ జాగాలో అత్త ముగ్గుపిండితో నెమలిని వేసి, గీతల వెంట వేలితో చాలు తీసి, విత్తనం చల్లేది. ఒంటికి పచ్చ తోటకూర, తోకకు ఎర్ర తోటకూర, కంటికి కాస్త మెంతి. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు తలా ఒక చెంబు నీళ్ళూ, అడగని సలహా ఒకటీ పోసిపోయేవాళ్ళు. మూడు వారాలకల్లా తడినేల వాసనలో నెమలి లేచి నిలబడేది. అసలు కళ కోతలో ఉంది. ఏ ఇంటివాళ్ళైనా కోసుకోవచ్చు గాని, బొమ్మ చెడకూడదు. తోక కోస్తే నెమలి హంసయ్యేది, మెడ కోస్తే హంస తామరపువ్వయ్యేది. నాలుగు రోజులకు మళ్ళీ చిగిర్చి నెమలి తిరిగొచ్చేది. ఎదురింటి దర్జీ సాయిబు గారి భార్య, మాకు పిన్ని వరస, పంపు దగ్గరే చాటింపు వేసేది: “ఒదినా, తోక మా పప్పులో పడింది. మెడ నీదే!”

నేను ఊరుకున్నానా? పంచాయతీ ప్రెసిడెంటు గారిని వెంటబెట్టుకొచ్చి చూపించాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, “చానా బాగుందమ్మా. పెద్దాఫీసరొస్తన్నాడు, మనూరికి పేరొచ్చుద్ది. ఆయనొచ్చిందాకా ఒక్క ఆకు తెంపబాకండి” అన్నారు.

“తెంపకపోతే ముదురుద్దయ్యా. కోస్తేనే అది ముగ్గు,” అంది అత్త.

“ఏందమ్మా, ఊళ్ళో తినేదానికి ఇంకేం కూరే లేదా?”

సాయంత్రానికల్లా చుట్టూ ముళ్ళకంప పడింది. ఆయన పేరు పెద్దక్షరాలతో బోర్డు నేనే రాశాను. బోర్డు నిలబడింది, నేను బోర్లా పడ్డాను. ఆఫీసరు రాక వాయిదాల మీద వాయిదా పడింది. సొంత చేత్తో పెంచిన కూరను కంప ఇవతల నుంచి చూస్తూ, ఆడవాళ్ళు బండి మీద కూర కొనుక్కున్నారు. తోటకూర నడుమెత్తు పెరిగి, కాడలు కర్రలై, కంకులేసింది. నెమలి ఏ పొదలో దూరిందో తెలియలేదు. చివరికొకనాడు ఆఫీసరు జీపు దిగకుండానే, “ఈ పిచ్చిమొక్కలు పీకించరా?” అని వెళ్ళిపోయాడు. మర్నాడు ట్రాక్టరు వచ్చింది. నెలలోపే అక్కడ నాపరాళ్ళ అరుగు, దాని మీద ప్రెసిడెంటు గారి పేరు వెలిశాయి.

అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది. “ముగ్గన్నాక తుడిచేదేరా. కాకపోతే ఏసిన చెయ్యి తుడవాల,” అంది. ఆ తర్వాత ఆవిడ విత్తనం పట్టుకోలేదు. వాకిట్లో కూడా నాలుగు గీతలు గీసి లోపలికి పోయేది.

ట్రాక్టరు వెనకాల కంకులు ఏరి దాచింది మాత్రం పిన్ని. ప్రెసిడెంటు గారు కోయనివ్వలేదు గనకే అంత విత్తనం. “ఒరేయ్ అబ్బాయ్, నీ లాల్చీ ఇటియ్యి,” అని జేబు అడుగున కుట్టు కాస్త విప్పి, నల్లటి విత్తనం నింపి ఇచ్చింది. ప్రెసిడెంటు గారింటి ముందు గుంటూరు నుంచి తెప్పించి పరిచిన పచ్చగడ్డి ఉండేది. బడి పనంటూ వెళ్ళి, గడ్డిని మెచ్చుకుంటూ ఆయనతోనే చుట్టూ తిరిగాను. తొలకరికి నేను నడిచిన దారంతా ఎర్ర తోటకూర మొలిచింది. ఆగి పొగిడినచోటల్లా గుత్తులుగా మొలిచింది. పీకినకొద్దీ ఏటా మొలిచింది.

సంబరంగా అత్తకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “ఎవురన్నా వండుకున్నారంటనా?” అని మాత్రం అడిగింది. లేదు, గేదెలకు వేశారు.

అరుగు మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. అత్తా లేదు. కాలం గడిస్తే అన్నీ మెత్తబడతాయని నాకూ చెప్పారు చాలామంది. వాళ్ళెవరూ ముదిరిన తోటకూర పొయ్యి మీద పెట్టి చూసినవాళ్ళు కారు.