మేనేజరు గారికి బాతులు చూపించిన శీతాకాలం

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టేసరికి మా గచ్చిబౌలి ఆఫీసులో ఉద్యోగాలు ఊడటం మొదలైంది. పొద్దున పక్క కుర్చీలో ఉన్నవాడు మధ్యాహ్నానికి బ్యాడ్జి ఇచ్చేసి లిఫ్టు దగ్గర కనిపించేవాడు. మేం పలకరించేవాళ్లం కాదు, మాకూ అంటుకుంటుందేమోనని. నలభై దాటినవాడికి ఈ ఐటీ కారిడార్‌లో ఇంకో ఉద్యోగం దొరకడమంటే మాటలు కాదు. నేను నలభై దాటి చాలాకాలమైంది.

సరిగ్గా అప్పుడే మా మేనేజరు గారు పిట్టల ఫొటోలు తీయడానికని ఇంత పొడవు లెన్సు కొన్నారు. ఏ పిట్ట ఏదో తెలీదు. కొంగను చూసి హంస అనుకునే రకం. నాకేమో చిన్నప్పటి నుంచీ పిట్టల పిచ్చి. నక్క తోక తొక్కాననుకున్నాను. ప్రతి శనివారం తెల్లవారుతుండగా ఆయన్ను గండిపేట చెరువుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాను. కెమెరా ఆయన మెడలో, ట్రైపాడ్ నా భుజం మీద.

"గాయనకు పిట్టలు చూపిస్తే నీ నౌకరి ఉంటదా? జర సోయిల ఉండు," అంది మా ఆవిడ. నీకేం తెలుసని కసిరాను.

మనిషిని కాకా పట్టడానికి చెరువు గట్టును మించిన చోటు లేదు. ఆఫీసులో తల కూడా ఊపకుండా దాటిపోయే పెద్దమనిషి ఇక్కడ గడ్డిలో నా పక్కనే బోర్లా పడుకునేవారు. ఇంట్లో చేయించుకొచ్చిన పెసరట్టు తుంచి నాకూ పెట్టేవారు. ఒకే డబ్బాలో తిన్నవాణ్ణి తీసేస్తారా అని నా ధీమా. బాతులు దగ్గర్లో ఉన్నప్పుడు గొంతు పెంచకూడదని, ఉన్నట్టుండి లేవకూడదని ఆయనకు నేర్పాను. బుద్ధిమంతుడు, ఒక్కసారికే పట్టేశారు.

దీపావళి వెళ్లిన శనివారం సూదితోక బాతులు దిగాయి. హిమాలయాల అవతలి నుంచి ఎగిరొచ్చి, అలసిపోయి ఒడ్డుకు దగ్గరగానే తేలుతున్నాయి. ఇద్దరం గడ్డిలో బోర్లా పడుకున్నాం.

"సోమవారం మిమ్మల్ని హెచ్ఆర్ వాళ్లు పిలుస్తారండి," అన్నారాయన గుసగుసగా, లెన్సు నుంచి కన్ను తీయకుండానే. "మీ పేరు నేనే ఇచ్చాను. ఎవరో ఒకరిది ఇవ్వాలి కదండీ. మీరైతే అర్థం చేసుకుంటారని."

ఒళ్లు భగ్గుమంది. ఆ లెన్సు లాక్కుని నీళ్లలోకి విసిరేయాలనిపించింది.

"గిదేంది సార్, గిట్ల చేస్తరా?" అన్నాను. నా ఖర్మ, అది కూడా గుసగుసగానే అన్నాను.

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని బాతుల వైపు చూపించారు. ఆఫీసు గదిలో చెబితే జనం అరుస్తారు, ఏడుస్తారు, కుర్చీలు తంతారు. నాకు చెప్పడానికి ఆయన ఇంతకన్నా మంచి చోటు ఎంచుకోలేరు. కెమెరా టకటకమంటూనే ఉంది.

"ఇంతకీ ఆ తోక పొడుగ్గా ఉన్నది మగదా, ఆడదా?"

"మగది సార్."

తిరిగొస్తుంటే కారులో ఆయన హుషారుగా ఉన్నారు. ఫొటోలు బాగా వచ్చాయట. "వచ్చే శనివారం ఇంకాస్త ముందే వచ్చేద్దామండి. ఇక మీకూ తీరికే కదా!" అని నవ్వారు.

నోటిదాకా వచ్చిన బూతు మింగేశాను. రేపు ఏ కంపెనీకి వెళ్లినా, వీడు ఎలాంటివాడని వాళ్లు ఫోన్ చేసి అడిగేది ఈయన్నే. శనివారం ఆయన కన్నా ముందే వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. కారు ఆగగానే ఎదురెళ్లి తలుపు తీశాను.