నిమ్మకాయ తొక్కిన టైరు

ఎప్పుడూ వాడే కంపెనీ టైర్లే ఈ రోజు నా మౌంటెన్ సైకిల్‌కు వేయించాను. ఇంటికొచ్చి చూస్తే, తయారీని వేరే దేశానికి మార్చేశారని టైరు మీది ముద్ర చూశాకే తెలిసింది. నొక్కి చూశాను, వాసన చూశాను, నమ్మకం కుదరలేదు. రోజూ తిరిగే యూనివర్సిటీ క్యాంపస్ రాళ్లదారిలో జారితే పళ్లు రాలతాయి మరి!

నా మొహం చూసి అమ్మ ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది.

“యాడ చేస్తే ఏంది బిడ్డా, తిరిగేది గీడనే గదా! తొక్కియ్యి.”

తొక్కించాను. కాయ పక్కకు జారకుండా నుజ్జయింది.

“చూసినవా, మంచి పట్టున్నది.”

సాయంత్రం రాళ్లదారి మొత్తం తిరిగాను. ఒక్కసారి కూడా జారలేదు. మీ ఇళ్లలో ఈ నిమ్మకాయ డిపార్ట్‌మెంట్ ఎవరు చూస్తారో చెప్పండి. ఫ్యాక్టరీ ఎక్కడికి పోయినా, మా క్వాలిటీ చెకింగ్ మాత్రం ఇంకా తార్నాకలో, మా ఇంట్లోనే ఉంది.