శ్రీరంగం చూపించిన రెండో పార్కు

శబరి నది ఒడ్డున ఉన్న కుంట ఊరి బజార్లో శ్రీరంగం కిరాణా కొట్టు తెలియని మనిషి ఉండడు. మరైగూడ నుంచి జీపుకు వేలాడుతూ వచ్చినవాళ్ళయినా, శబరి దాటి పడవ మీద వచ్చినవాళ్ళయినా ఉప్పుకీ నూనెకీ ముందు అతని గుమ్మమే ఎక్కుతారు. పల్లెలవాళ్ళతో వాళ్ళ గిరిజన భాష దోర్లీ, బ్యాంకు బాబులతో హిందీ, ఇంట్లో తెలుగు. ఏ భాషలో లెక్క ఎంతని అడిగినా అతని జవాబు మాత్రం ఒకటే: తర్వాత చూద్దాం.

పిసినారి అని ఊళ్ళో పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళే ఎండాకాలం దాకా అతని బియ్యం అప్పు మీద తింటారు, అది వేరే సంగతి. అడవిలో కోసిన తునికాకు డబ్బు చేతికొచ్చాక వచ్చి కడతారు. అతనూ అప్పటిదాకా నోరెత్తడు. సరుకు తీసుకునేటప్పుడు ఎవరూ ధర అడగరు, చివర్లో అన్నీ కలిపి ఎంతో అతనే చెబుతాడు. అక్కడి పద్ధతే అంత. దానికి తోడు తండ్రి కాశీవిశ్వనాథం నూరిపోసిన నియమం ఇంకొకటుంది, కొనే ఉద్దేశం లేనప్పుడు ధర అడగకూడదని. బోణీ కాకముందే ఎవడైనా ధర అడిగి ఉత్త చేతులతో పోయాడంటే ఆ పెద్దాయన సాయంత్రం దాకా ఇంటిల్లిపాదినీ కాల్చుకుతినేవాడు. ఆ తిట్లు తిని పెరిగిన శ్రీరంగానికి పరాయి కొట్లో ధర అడగాలంటే నోరు పెగలదు.

అతనికి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ప్రసూన, ఏడేళ్ళది. పెద్దది కమల, పన్నెండేళ్ళది. ఆ ఇంట్లో అడగడానికి నోరున్నది కమలకే. అతని భార్య సుశీల పండక్కి చీర కూడా అడగదు, తెస్తే కట్టుకుంటుంది. కమల అలా ఊరుకోదు. "నాన్నా, నాకది కావాలె" అని నడిబజార్లో నిలబడి అడుగుతుంది. శ్రీరంగం గసురుతాడు, విసుక్కుంటాడు, కానీ ఆ గొంతంటే అతనికి ప్రాణం. తను తన తండ్రిని ఏదీ అడిగి ఎరగడు. నా కూతురు నన్ను అడుగుతోంది కదా, అంటే నేను మా నాన్నలాంటివాణ్ణి కాననీ, నేనంటే దానికి భయం లేదనీ అతని ధీమా.

ఆ కమలే ఏడాదిపాటు వెంటపడింది. హైదరాబాదులో మంచు పార్కని ఒకటుందట, ఎండాకాలంలో కూడా లోపల మంచు కురుస్తుందట. ఇంకోటి ఆటల పార్కట, అందులో రైలు తలకిందులుగా పోతుందట. టీవీలో చూసిందల్లా అన్నం తింటూ తండ్రికి చెప్పేది. చెప్పి చెప్పి చివరికి సాధించింది. జూన్‌లో బళ్ళు తెరవకముందు ప్రయాణం కుదిరింది. కుదిరిందంటే ఊరికే కుదరలేదు లెండి! వానలొచ్చి దారులు మూసుకుపోకముందు కొట్టుకి గొడుగులూ ప్లాస్టిక్ పట్టాలూ హైదరాబాదు బేగంబజారు నుంచి తెచ్చుకోవాలి. ఎటూ పోవాల్సిందే, పిల్లల్ని కూడా తిప్పుకొస్తే పోలా అనుకున్నాడు మన శ్రీరంగం. అయితే పార్కు ఒక్కటే, రెండోదాని ఊసెత్తొద్దని ముందే చెప్పాడు. కమల రెండు రోజులు ఆలోచించి ఆటల పార్కే అంది. రైలెక్కాలని దాని ఆశ.

భద్రాచలం పోయి బస్సెక్కి హైదరాబాదులో దిగారు. పార్కు గేటు దగ్గర నలుగురికి టికెట్లంటే ఎంతో విన్నాక శ్రీరంగం జేబులో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. వచ్చాక వెనక్కి తిరిగే దారి లేదు, కట్టాడు. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి గడగడా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మళ్ళీ చెప్పమని అడగలేదు. నలుగురి మణికట్లకీ నంబర్లున్న కాగితం పట్టీలు అంటించి లోపలికి పంపారు.

జగదల్‌పూర్ దసరా సంబరాల్లో అతను రంగులరాట్నాలు చూశాడు. అక్కడ గేటుకి పైసా అడగరు, ఏది ఎక్కితే దానికి అప్పటికప్పుడు కట్టాలి. ఇక్కడేమో ప్రసూన గుర్రాల మీదికి ఉరికితే ఎవరూ డబ్బు అడగలేదు. అక్కడున్న మనిషి చేతిపట్టీ చూసి ఎక్కించుకున్నాడు. అంతే, శ్రీరంగానికి విషయం బోధపడిపోయింది. బోధపడిందనుకున్నాడు, ఖర్మ! వీళ్ళు నంబరు చూసుకుంటున్నారు, ఎక్కినన్ని ఎక్కనిచ్చి పోయేటప్పుడు బిల్లు చేతిలో పెడతారు. తన కొట్లో తను చేసేదీ అదే కదా. గేటుకే ఇంత గుంజినవాళ్ళు ఒక్కో ఆటకి ఎంత వేస్తారో ఏమో. అడగొచ్చు. అడిగితే ఎక్కాలి.

"తలా రెండు. అంతకుమించి ఎక్కేది లేదు" అన్నాడు.

కమల ఒకటి పడవ ఎక్కి, రెండోది రైలు కోసం దాచుకుంది. తీరా రైలు దగ్గరికి వచ్చాక శ్రీరంగం తలెత్తి దాని ఎత్తు చూశాడు. ఇంత ఇనుముకి ఎంత రేటు పెడతారో అతని మనసులో లెక్క పడిపోయింది. "ఇది వద్దు బిడ్డా. ఆ చిన్నది ఎక్కు" అన్నాడు. కమల ఒక్క క్షణం నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని వెళ్ళి ఆ చిన్నదే ఎక్కింది. అది చంటిపిల్లలు కూర్చునే కప్పల బండి. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే అందులో ముడుచుకుని తిరిగింది పాపం.

తర్వాత సాయంత్రం దాకా బల్ల మీదే కూర్చున్నారు. ఎదురుగా పట్నం పిల్లలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, మళ్ళీ పరిగెత్తి ఎక్కుతున్నారు. ప్రసూన ఏడుపు అందుకుంటే కమల దాన్ని ఒళ్ళో వేసుకుని, "ఊకోవే. నాన్న పైసలన్నీ అయిపోతే మల్ల ఇంటికెట్ల పోతం?" అంది. శ్రీరంగం విన్నాడు. నా బిడ్డకి ఎంత బుద్ధి వచ్చిందీ అని మురిసిపోయాడు.

మూసే వేళకి బయటికొస్తూ, గేటు దగ్గర కాపలా మనిషిని పట్టుకుని "బిల్లు ఏడ కట్టాలె?" అని అడిగాడు. నోట్లు అప్పటికే చేతిలో ఉన్నాయి.

"ఏం బిల్లు సార్?"

"లోపల ఎక్కినవాటికి."

కాపలా మనిషి నవ్వాడు. ఎగతాళికి కాదు, పాపం అతనికి నిజంగానే నవ్వొచ్చింది. "పొద్దున టికెట్ తీసుకున్నరు కద సార్. అన్నీ అండ్లనే. లోపల ఎన్నిసార్లు ఎక్కినా అంతే."

కమల పక్కనే ఉంది. ఏడుస్తుందనుకున్నాడు, అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆ పిల్ల తలెత్తి లోపల ఆగి ఉన్న రైలు వైపు ఒకసారి చూసి, "బస్సు ఏడ ఆగుతది నాన్నా?" అంది.

బస్సులో సుశీల ఊరుకోలేదు. "ఒక్క మాట అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోతయా?" అంది పళ్ళ బిగువున. శ్రీరంగానికి చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు ఉదయం లాడ్జి కింద హోటల్లో ఇడ్లీలు తింటూ, "ఆ మంచు పార్కు కూడా చూపిద్దామా?" అన్నాడు.

"దేనికి?" అంది సుశీల. "సాయంత్రం బస్సాయె. బేగంబజారు పని ఇంకా మొదలే పెట్టలే. ఆ పైసలు దీంట్ల పోస్తే గొడుగులు సగమే వస్తయి. వానాకాలం మొత్తం ఏం అమ్ముతరు?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? శ్రీరంగం కూడా లాడ్జి గోడ మీది ప్రకటన చూసి రాత్రే లెక్క వేసుకున్నాడు. లోపల ఉండనిచ్చేది గంటసేపట. గంటసేపు మంచు తొక్కడానికి ఒక గొడుగుల కట్ట. వ్యాపారం తెలిసినవాడెవడూ చెయ్యని బేరం. పైగా నిన్న పోగొట్టినదాన్ని ఇవ్వాళ ఇంకో టికెట్ కొనిస్తే తిరిగొస్తుందా? రాదని అతనికీ తెలుసు. అయినా కమల ఒక్కసారి పోదామంటే చాలు, సుశీలని ఎలాగో ఒప్పించవచ్చు. దాని మొహంలోకి చూశాడు.

కమల ఇడ్లీ తుంచుతూ, "నాకు చలి పడదు నాన్నా" అంది.

పుష్యమాసంలో తెల్లారి లేచి చన్నీళ్ళు నెత్తిన పోసుకునే పిల్ల! ఏడాదిపాటు మంచు మంచు అని చెవులు తినేసిన పిల్ల! శ్రీరంగం చేతిలో ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. సరిగ్గా ఈ వయసులోనే, జగదల్‌పూర్ దసరాలో జిలేబి బండి ముందు తండ్రి మొహం చూసి తను కూడా "నాకు తీపి పడదు నాన్నా" అన్నాడు. బంగారుకొండవిరా అని కాశీవిశ్వనాథం వీపు తట్టాడు. ఆ తర్వాత తను తండ్రిని ఏమీ అడగలేదు, ఆయన పోయేదాకా అడగలేదు. ప్రేమ లేక కాదు. అడిగే దారి అక్కడే మూసుకుపోయింది. ఇప్పుడు తన కళ్ళముందే, సాంబారు గిన్నె పక్కన, కమల కూడా ఆ తలుపు వేసేసుకుంటోంది. అతనికి నిజంగా భయమేసింది.

"లేవండి, పోదాం" అన్నాడు. సుశీల కస్సుమని చూసింది. అతను లెక్క చెయ్యలేదు.

మంచు పార్కు కౌంటరు దగ్గర శ్రీరంగాన్ని చూసి తీరాల్సిందే. కోటుకి వేరే డబ్బులా? చేతితొడుగులకి? జారుడుబల్ల ఎన్నిసార్లు ఎక్కనిస్తారు? లోపల ఇంకేదైనా అడుగుతారా? పుట్టి బుద్ధెరిగాక పరాయి కొట్లో అన్ని ప్రశ్నలు అడిగింది అదే. వెనక వరసలో జనం సణిగారు, ఎవరో "జరుగు పెద్దాయనా" అన్నారు. చెవులు ఎర్రబడినా జరగలేదు. "అన్నీ ఇందులోనే సార్, గంటసేపు" అని అమ్మాయి రెండుసార్లు చెప్పాక, కమల విన్నదో లేదో చూసుకుని మరీ డబ్బు కట్టాడు.

లోపల ప్రసూన మంచులో పడి దొర్లింది. సుశీల కూడా కోపం మరిచిపోయి పిడికెడు మంచు తీసి చిన్నదాని మీద విసిరింది. కమల మాత్రం కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది.

"పోయి జారు బిడ్డా. ఎన్నిసార్లయినా జారొచ్చు, అడిగిన" అన్నాడు శ్రీరంగం.

పోయి జారింది. ఒక్కసారి జారి, లేచి, బట్టలు దులుపుకుని తండ్రి దగ్గరికి వచ్చి, "బాగుంది నాన్నా. చాలు" అంది. చుట్టాలింట్లో రెండో లడ్డు వద్దని చెప్పినంత మర్యాదగా చెప్పింది. అతను బతిమాలాడు. బతిమాలినందుకు ఇంకోసారి జారింది. గంట అయిపోయింది.

బయట ఎండ మండిపోతోంది. సుశీల ప్రసూనకి నీళ్ళు తాగించడానికి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పుడు కమల తండ్రి చొక్కా కొస పట్టుకుంది.

"నాన్నా, ఒకటి అడగనా?"

శ్రీరంగానికి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి తనంతట తనే జేబు మీదికి పోయింది. "అడుగు తల్లీ. ఏదన్నా అడుగు."

"ఇయ్యాల అయిన ఖర్చు మన కొట్టుకొచ్చేటోళ్ళకి చెప్పకు."

"నేనెందుకు చెప్తనే?"

"నాకు సైకిలు కొన్నప్పుడు చెప్పినవు కద. ఉప్పుకొచ్చినోళ్ళకి చెప్పినవు, బీడీలకొచ్చినోళ్ళకి చెప్పినవు, మా బడి సారుకి గూడ చెప్పినవు. నన్ను పిలిచి నిలబెట్టి మరీ గింతయిందని చెప్పినవు. ఈసారి నన్ను పిలవకు నాన్నా."

అతనికి గుర్తొచ్చింది. చెప్పాడు, నిజమే. నా కూతురికి ఏం కొన్నానో చూడండహో అని మురిసిపోతూ చెప్పాడు. పిలిచినప్పుడల్లా పిల్ల తల దించుకుని నిలబడితే సిగ్గుపడుతోందని అనుకున్నాడు. దెప్పుతున్నాడని అది అనుకుంటుందని అతని ఊహకైనా రాలేదు.

"చెప్పను" అన్నాడు.

సగం గొడుగులతో కుంట చేరారు. సంత రోజున కొట్టు నిండా జనం ఉన్నప్పుడు మరైగూడ నుంచి వచ్చే పాత ఖాతాదారు జోగా గడపలో కూర్చుని, "పట్నం పోయినవంట కదా సేటూ, ఎంతయిందేంది?" అని అడిగాడు. కమల టీ గ్లాసుతో లోపలి గుమ్మంలో ఆగిపోయింది. అంకె నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీరంగం దాన్ని మింగి, "గొడుగులు తెచ్చిన, చూస్తవా?" అన్నాడు. కమల టీ బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తను మాట నిలబెట్టుకున్నానని పిల్లకి తెలిసిందో లేదో అతనికి అర్థం కాలేదు.

బళ్ళు తెరిచారు. పిల్ల ఏదో ఒకటి అడక్కపోతుందా అని అతను పొద్దునా సాయంత్రం ఎదురుచూశాడు. ఒకరోజు బడికి బయలుదేరుతుంటే దాని సంచీ జిప్పు ఊడిపోయి పుస్తకాలు కింద పడ్డాయి. కొట్లో అమ్మకానికి తెచ్చిన కొత్త బడిసంచులు గుమ్మానికి వరసగా వేలాడుతున్నాయి. శ్రీరంగం తూకం ఆపేశాడు.

"కమలా, ఏమన్నా కావాల్నా బిడ్డా?"

"ఏం వద్దు నాన్నా" అంది కమల. తల్లిని అడిగి పిన్నీసు తీసుకుని, పాత సంచీకి పెట్టుకుని, తల వంచి ఆ కొత్త సంచుల కిందనుంచే బడికి వెళ్ళిపోయింది.