వండ్రు చూసి వద్దన్న జీపు

2023 ఫిబ్రవరి 3, శుక్రవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అమలాపురంలో కంటి డాక్టరుగారి గదిలో గోడగడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి టైము నాకు కచ్చితంగా తెలుసు. డాక్టరుగారు మా ఆయన కళ్ళలోకి లైటు వేసి చూడడం ముగించి, కాగితం మీద రెండు సున్నాలు చుట్టారు. కుడివైపు సున్నాని మూడొంతులు నల్లగా నింపారు. ఎడమదాన్ని అంచు వెంబడి నింపుకుంటూ వచ్చి మధ్యలో కొంచెం తెలుపు వదిలారు.

"నీటికాసులండి, గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు రాస్తాను. వేళ తప్పకుండా వెయ్యాలి," అన్నారు.

"ఎంతకాలం నిలబడుతుందండీ?" అని అడిగాను.

"చెప్పలేమండి. రెండేళ్ళు అనుకోండి. బండి నడపడం మాత్రం ఈ ఏడాదితో సరి. అదీ పగలే."

మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బస్టాండుకి నడిచి, రాజోలు బస్సెక్కి, కిటికీ పక్కన కూచున్నాక అప్పుడు అన్నారు. "ఏమే, గోదారి పొడుగునా ఓసారి వెళ్ళొద్దాం."

ఆయన ముప్ఫైయొక్క ఏళ్ళు పంటు మీద ఇంజను మెకానిక్కుగా పనిచేశారు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని ఈ రేవు నుంచి ఆ రేవుకి గోదావరి దాటించే పంటు. రోజుకి ఇరవైసార్లు దాటిన రోజులున్నాయి. "ఎంతసేపూ అడ్డంగా దాటడమే గాని పొడుగునా చూళ్ళేదే నేను. అంతర్వేదిలో సముద్రంలో కలిసేచోట బయలుదేరి, గట్టు వెంబడే పోయి, నాసిక్ అవతల అది పుట్టినచోట ఆగుదాం. కనపడుతుండగానే," అన్నారు.

నేను ముప్ఫైమూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రైలుంది కదా, పొగ తక్కువ, ఖర్చు తక్కువ అన్నాను. "రైలు గోదారిని దాటుతుంది, పంతులమ్మగారూ. దాటడం నాకొచ్చు," అన్నారు.

ఆయనకి కావలసింది పాత డీజిలు జీపు. నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగేది. గట్టు రోడ్లు వానకి బురదవుతాయి, ఏజెన్సీలో కొన్నిచోట్ల రోడ్డే ఉండదు. కంప్యూటరు లేని ఇంజనైతే ఎక్కడ ఆగినా తనే విప్పి బిగించుకోగలరు. వెనక సీట్లు తీసేస్తే ఇద్దరం పడుకోవచ్చు. కొత్తది ఎందుకు వద్దంటే, కొత్తబండికోసం మళ్ళీ ఎక్కడో కొండ తవ్వాలి, ఇనుము కరగాలి, మనం తిరిగే ఇరవైనాలుగు రోజులకి అంత అవసరమా, ఉన్నదాన్నే బాగుచేసుకుందాం అనేవారు. మంచినీళ్ళు స్టీలు బిందెల్లో. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కొనకూడదు. గట్టు మీద వండుకున్న చోట బూడిద కూడా మిగల్చకూడదు.

"మరి డీజిలు పొగ?" అన్నాను.

"అది నువ్వు లెక్కకట్టు."

కట్టాను. నది పొడుగు పద్నాలుగువందల అరవైయైదు కిలోమీటర్లు. రోడ్డు చుట్టుదారులు కలిపి, రానూ పోనూ మూడువేల అయిదువందలు వేసుకున్నాను. లీటరుకి పది చొప్పున మూడువందల యాభై లీటర్లు. అక్కడ తగలేసేది ముందు ఇక్కడ మిగల్చాలని షరతు పెట్టాను. మా రెండున్నర ఎకరాల కొబ్బరితోటకి వానల్లేని నెలల్లో నీళ్ళు తోడే డీజిలు ఇంజను వారానికి పద్నాలుగు గంటలు ఆడేది. చెట్ల మొదళ్ళ చుట్టూ పళ్ళేల్లాంటి గుంటలు తీసి, కొబ్బరి డొక్కలు బోర్లించి పూడ్పించాం. తేమ నిలిచింది. పద్నాలుగు గంటలు ఆరయ్యాయి. గంటకి లీటరు చొప్పున వారానికి ఎనిమిది లీటర్లు మిగిలాయి. ఆదివారం ఆదివారం పుస్తకంలో రాసేదాన్ని. వానాకాలం వారాలు కలపలేదు, అప్పుడు ఇంజను ఎలాగూ ఆడదు కాబట్టి.

ఇంక జీపు.

మొదటిది 2023 మార్చి 26, ఆదివారం చూశాం. కొత్తపేటలో రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు ముందు ఉంది. యజమాని యాభై ఏళ్ళ మనిషి, కొబ్బరి మొక్కలు పెంచి అమ్ముతానన్నారు. వాళ్ళ ఊరు ఇంకా లోపలికట. జీపు తెల్లది, పెచ్చులూడిపోయి ఉంది. మా ఆయన బానెట్టు ఎత్తి, స్టార్టు చెయ్యమని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. అయిదు నిమిషాలు అలాగే ఉన్నారు. తరవాత నా వైపు తిరిగి నవ్వారు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

"ఇదేనే," అన్నారు. "డీజిలు పంపు ఎంత శుభ్రంగా కొడుతోందో విను."

నాకు ఇంజను వినడం రాదు. నాకొచ్చినవి నేను చూశాను. మా ఆయన తెల్ల జేబురుమాలు పొగగొట్టం ముందు ఒక నిమిషం పట్టుకున్నాను. లేత బూడిదరంగు పడింది, అంతే. నలుపైతే డీజిలు వృథా, నీలమైతే ఆయిలు కాలుతోందని ఆయనే నేర్పారు. ఇంజను నంబరు కాగితంతో సరిపోయింది. పదిహేనేళ్ళు దాటిన బండికి మళ్ళీ చేయించాల్సిన రిజిస్ట్రేషను, ఫిట్‌నెసూ చేయించే ఉన్నాయి. టైర్ల గాడి కొలిచాను. చాసిస్ కింద సుత్తితో తట్టించాను. అన్నీ అయ్యాక కాళ్ళకింద చాప ఎత్తాను.

చాప కింద వండ్రు. ఆరిపోయి, గోరుతో గీస్తే పిండిలా రాలే గోదావరి వండ్రు మట్టి. సీటు కింద గుంటల్లోనూ అదే, అంచులదాకా.

అంతకుముందు జూలైలో వచ్చిన వరద మా వైపు అందరికీ గుర్తే. లంకల్లో ఎన్ని బళ్ళు మునిగాయో. అవన్నీ కడిగి, రంగులేసి, తరవాత అమ్మేశారు. కోనసీమలో ఎవరు పాతబండి కొన్నా ముందు చాప ఎత్తి చూస్తారు. వండ్రు కనపడితే ఇంక మాట్లాడరు.

"ఇది మునిగిన బండండీ," అన్నాను.

"అయ్యో, కాదండి," అన్నారాయన. "మొక్కల సంచుల్లోకి లంకలోంచి వండ్రు తోలతానండి దీంట్లోనే. వరదప్పుడు మా మిట్ట మీద పెట్టేనండి. చక్రం కూడా తడవలేదు."

"అందరూ అదే చెప్తారండి."

"ఆయ్, మీరు టీచరుగారు, మీకు నేను చెప్పేదేముంది," అని యజమాని బానెట్టు దించారు.

మా ఆయన నా పక్కకి వచ్చి మెల్లిగా అన్నారు. "దీపాలు విప్పించి చూడు. మునిగిన బండైతే ముందు దీపాల అద్దాల్లో కూడా వండ్రు దిగుతుంది. స్క్రూలు తీస్తే అయిదు నిమిషాల పని."

గడియారం చూసుకున్నాను. పన్నెండూ యాభైయైదు. ఒంటిగంటా పదికి బస్సు. చుక్కలు ఇంట్లో ఉన్నాయి, అది తప్పితే రెండుగంటలకి వెయ్యాల్సినవి వేళ దాటిపోతాయి. ఆ రోజుకి డాక్టరుగారు చెప్పినప్పట్నుంచి ఒక్కపూట కూడా తప్పలేదు.

"చాప కింద ఉన్నది చాలదా?" అన్నాను. "దీపాల్లో కూడా చూడాలా?"

ఆయన నా వెనకే బస్సు ఆగేచోటికి నడిచారు. బస్సు అందింది. చుక్కలు సరిగ్గా రెండు గంటలకి వేశాను. ఆ జీపు పేజీలో 'మునిగినది' అని రాసి కింద గీత గీశాను.

తరవాత ఇంకో తొమ్మిది చూశాం. ఒకటి ఉప్పుగాలికి చాసిస్ తినేసి ఉంది. ఒకదాని ఇంజను నంబరు కాగితంతో కలవలేదు. ఒకదానికి ముందు చక్రాలు పట్టలేదు, అదే మూడు జేబురుమాళ్ళు నల్లగా చేసింది. ప్రతిదాని దగ్గరా ఆయన కళ్ళు మూసుకుని నిలబడేవారు, కానీ ఒక్కదాని దగ్గరా నవ్వలేదు. ఇంటికి వచ్చే బస్సులో, "పంతులమ్మగారు ఇంకోదాన్ని ఫెయిలు చేసేరు. ఈ ఏడు మీ స్కూల్లో పాసయ్యేవాడు ఉన్నాడా?" అని వేళాకోళం చేసేవారు. నేనూ నవ్వేదాన్ని. నవంబరు 20న డాక్టరుగారు ఇంక స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. డ్రైవరుని పెట్టుకుందాం, నేను కిటికీ పక్క కూచుంటాను, ఇంకా నయం అన్నారు మా ఆయన. డిసెంబరుకి కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కన్నుందిగా అన్నారు.

2024 జూన్ 2, ఆదివారం నాటికి నలభైనాలుగు వారాలయ్యాయి. మూడువందల యాభైరెండు లీటర్లు.

"ఆ పై రెండు లీటర్లు దేనికే?" అన్నారు.

"దారి తప్పితే."

"నువ్వు దారి తప్పుతావా!" అన్నారు.

పదకొండో జీపుని 2024 సెప్టెంబరు 15న మలికిపురం నుంచి యజమానే మా ఇంటికి తెచ్చారు. నేను ముందే వెళ్ళి రెండుసార్లు చూసి వచ్చాను. అన్నీ సరిపోయాయి. చాప కింద గచ్చులా శుభ్రంగా ఉంది. దీపాలు కూడా విప్పించాను. మధ్యాహ్నం పన్నెండు గంటలు. వాకిట్లో నిటారుగా ఎండ. మా ఆయన మెట్లు దిగి, బానెట్టుకి రెండడుగుల దూరంలో నిలబడి, చెయ్యి చాపి రేకు మీద వేసి, తడిమి, నన్ను అడిగారు.

"ఏం రంగే?"

ముదురు ఆకుపచ్చ. పొద్దున్న నా చీర రంగు చెప్పారు కదా అనుకున్నాను. అది రోజూ పెట్టెలోంచి తీస్తూ నేనే చెప్తున్నానని తరవాత గుర్తొచ్చింది. కాఫీ గ్లాసు చేతికి అందిస్తున్నది నేనే. గడపల దగ్గర ముందు నడుస్తున్నది నేనే. ఎన్నాళ్ళనుంచి అలా జరుగుతోందో, అన్నీ రాసే నా పుస్తకంలో అదొక్కటీ లేదు.

యజమానికి కాఫీ ఇచ్చి, శ్రమ ఇచ్చామని చెప్పి పంపించేశాం.

అక్టోబరు 20న కొబ్బరి మొక్కలకోసం కొత్తపేట వైపు వెళ్ళాను. తోటలో రెండు చెట్లు పోతే ఆ ఖాళీలు నింపాలి. పక్కింటివాళ్ళు చెప్పిన మొక్కల తోటకి ఆటోలో వెళ్ళి దిగాను. షెడ్డు ముందు తెల్ల జీపు ఆగి ఉంది. పెచ్చులూడిన చోట ఇంకొంచెం ఊడింది. వెనకంతా తడి వండ్రు. ఇద్దరు ఆడవాళ్ళు తట్టలతో ఎత్తి సంచుల్లో పోస్తున్నారు.

ఆయన నన్ను గుర్తుపట్టారు. "టీచరుగారూ, రండి రండి. మాస్టారు బాగున్నారాండీ? అంత శ్రద్ధగా ఇంజను విన్నవాళ్ళని నేను చూళ్ళేదండి."

"ఇది ఆ జీపేనాండీ?"

"ఆయ్, అదేనండి. మీరు వద్దన్నాక అమ్మబుద్ధి కాలేదండి. ఇప్పటికీ ఒక్క స్టార్టు. అల్లాడించింది లేదు."

ముందు దీపాల దగ్గర వంగి చూశాను. అద్దం బయట దుమ్ము. కొంగుతో తుడిచాను. "ఇవి ఎప్పుడైనా విప్పేరాండీ?"

"ఎందుకండీ, కొన్నప్పటివేనండి."

విప్పి చూపించమన్నాను. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి విప్పారు. లోపల పాత దుమ్ము, ఒక చచ్చిన పురుగు. వండ్రు లేదు. మళ్ళీ బిగించేదాకా నాలుగు నిమిషాలు పట్టింది.

ఇంటికి వచ్చి, మొక్కలు నీడలో పెట్టి, ఆయన పక్కన అరుగు మీద కూచుని జరిగింది జరిగినట్టు చెప్పాను. దీపాల సంగతి కూడా.

"నాకు తెలుసే," అన్నారు. "ఆ రోజే విన్నాను కదా. నీళ్ళు తాగిన ఇంజను అలా మాట్లాడదు."

"మరి గట్టిగా ఎందుకు చెప్పలేదండీ? ఎందుకు కొందామనలేదు?"

"చాప కింద ఏముందో నాకు సరిగ్గా కనపడలేదు. నువ్వు చూసేవు. నా చూపు నమ్మడం అప్పటికే మానేసేను. నీ చూపూ నమ్మకపోతే ఎలాగే?"

ఇప్పుడైనా వెళ్దామండీ, దారి పొడుగునా నేను చెప్తాను అన్నాను. ఎన్ని ఒంపులు, ఎక్కడ ఎంత వెడల్పు, నీళ్ళు ఏ రంగు, అన్నీ చెప్తానన్నాను.

"చెప్తావు. కొలిచి మరీ చెప్తావు," అని నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. "వద్దులే. అది చూద్దామనుకున్నది. వినడానికి మన రేవు చాలు."

సాయంత్రం చుక్కలు ఇప్పటికీ వేళకే వేస్తున్నాను. మొక్కలు రెండూ బతికాయి. పుస్తకంలో మొదటి జీపు పేజీలో 'మునిగినది' అన్న మాట కొట్టేసి, చివరి పేజీలో ఇది రాసి మూసేశాను.

కుడికన్ను, 2023 డిసెంబరు నాటికి పోయింది.

ఎడమకన్ను, 2024 సెప్టెంబరు 15 నాటికి. వెలుతురు మాత్రం తెలుస్తుంది.

మొదటి జీపు చూసిన రోజు నుంచి ఆయన తనే నడపగలిగిన రోజులు, రెండువందల ముప్ఫైతొమ్మిది. ప్రయాణానికి కావలసినవి, ఇరవైనాలుగు.

మిగిల్చిన డీజిలు, మూడువందల యాభైరెండు లీటర్లు. వాడింది లేదు.

గోదావరి, పద్నాలుగువందల అరవైయైదు కిలోమీటర్లు. చూడనిది, మొత్తం.