పహిల్వాన్ మోటారు

హైదరాబాదు శాలిబండ దిగువన మురుగునీటిని ఎత్తిపోసే పంపుఘరులో సీమోను పదహారేళ్లు పనిచేశాడు. మహాత్ముడేమీ కాదు, బీడీలు తాగేవాడు, నోరు మంచిది కాదు. మోటార్ల విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మేవాడు కాదు. అవి ఆగితే ముందు మునిగేది పక్క గల్లీ. అతని ఇల్లూ, భార్య నీలమ్మా ఆ గల్లీలోనే.

మోటార్లు రెండు. నీళ్లు చెరిసగం తోడేవి. 1976 ఎండాకాలంలో ఒకటి కాలిపోయింది. లోపలి రాగితీగ చుట్టు, అదే వైండింగు, కొత్తగా చేయించి తెచ్చేసరికి నలభై రోజులు పట్టింది. అన్నాళ్లూ రెండోదే మొత్తం లాగింది. జనం మురిసిపోయి దానికి పహిల్వాన్ అని పేరు పెట్టారు. తోటి ఆపరేటరు మొగులయ్య పూలదండ కూడా వేశాడు. కొంప ముంచింది ఆ పేరే.

మూడో మోటారు కావాలని సీమోను అడిగితే ఇంజనీరు సోమశేఖర్ లెక్క చెప్పాడు. "ఏడాదిలో ఒకటి చెడే అవకాశం పదింట ఒకటి. రెండూ చెడాలంటే నూరింట ఒకటే. మూడోది ఎందుకయ్యా?"

"మీ లెక్కల అవి రెండూ ఒకదాన్నొకటి ఎరగనట్టున్నయి సార్. ఒకటి పండుకుంటే దాని బరువు రెండోదాని మీద పడతది. నలభై దినాలల్ల పహిల్వాన్ నాలుగేండ్లు ముసలిదైంది."

మొగులయ్య నవ్వాడు. "దిష్టి పెట్టకు భాయ్! గంత మోసినోనికి ఏమైతది?"

"మోసిండు గనకనే ఫికర్."

జూలైలో మొదటి మోటారు కొత్త వైండింగు కూడా కాలింది. పహిల్వాన్ ఉంది కదా అని ఎవరూ తొందరపడలేదు. మూడో రోజు మధ్యాహ్నం కుండపోత. సీమోను పహిల్వాన్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. బేరింగు గరగరలాడుతోంది. నిండుగా తోడిస్తే గంటలో ఆగిపోతుంది. గల్లీ పీకలదాకా మునుగుతుంది. సగమే తోడిస్తే మోకాళ్లతో పోతుంది. వాల్వు సగం మూశాడు.

నీలమ్మ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చింది. "ఏంది గిది? మోటరు తిరుగుతనే ఉన్నది గదా! సొంతింట్లకే మోరీ నీళ్లు ఇడుస్తవా?"

"మోకాళ్లదాకనే వస్తయి. తిట్టుడు తర్వాత, ముందు ముసలోళ్లను మిద్దెలెక్కియ్యి."

సాయంత్రానికి వాన ఆగింది. గల్లీలో నీళ్లు మోకాళ్లు దాటలేదు. మోటారు ఆగలేదు. అదే అతని నేరమైంది. నడిచే మోటారును తగ్గించి గల్లీని ముంచాడని మెమో ఇచ్చి, కార్వాన్ వైపు ఇంకో పంపుకు బదిలీ చేశారు. పహిల్వాన్ ఒక్కటే వానను తట్టుకుందనీ, మూడోది అనవసరమనీ సోమశేఖర్ రిపోర్టు రాశాడు.

"చూసినవా, దానికేం కాలే," అన్నాడు మొగులయ్య, తాళాలు తీసుకుంటూ.

"కొత్తగొచ్చెటోనికి వాల్వు సంగతి చెప్పు."

"చెప్పిన. దాన్ని ముట్టొద్దని చెప్పిన."

బయట మళ్లీ మబ్బు పడుతోంది. సీమోను ఇంటికెళ్లి, ఈసారి నీళ్లు పీకలదాకా వస్తాయంటూ నీలమ్మను సామాను సర్దమన్నాడు. ఎదురింటి లక్ష్మీకాంతమ్మ అరుగు మీద కూర్చుని, పహిల్వాన్ ఉండగా భయమేమిటన్నట్టు నవ్వుతూ చూసింది.