నెర్యో మావయ్య ఇంటిపేరు

నెర్యో మావయ్య చేత గడ్డం గీయించుకోవాలంటే ముందు ఇంటిపేరు చెప్పుకోవాలి. చెప్పాక, అది ఎక్కడ పుట్టింది, దాని అర్థమేమిటి, ఆ పేరుగలవాళ్లు ఏ ఊళ్లో ఎంతమంది పోగయ్యారు అన్నది మొత్తం వినాలి. మధ్యలో లేచిపోదామంటే కుదరదు. కత్తి ఆయన చేతిలో ఉంటుంది, గొంతు మనది.

సమర్కందులో యూదుల పేటను మహల్లా అంటారు. దాని మొదట్లోనే ఉండేది మా సెలూను. మొదటి కుర్చీ ఆయనది, రెండోది నాది. నేను పనిలో చేరిన పూటే నా సంగతి తేల్చేశాడు.

"ఇంటిపేరేంట్రా షముయెల్?"

"పిన్‌ఖాసోవ్, మావయ్యా."

"పిన్‌ఖాస్ అంటే ఎవరనుకున్నావ్? మా అహరోను మనవడు. మీవాళ్లు పేరు పట్టుకుపోయి పని మా నెత్తిన వదిలేశారు. సరేలే, ఆ తువ్వాలు ఇటు పడెయ్."

"మా అహరోను" అంటే మోషే అన్నగారు, యాజకులందరికీ మూలపురుషుడు. ఆయన నిన్ననే పక్కవీధికి మారినట్టు మాట్లాడేవాడు మావయ్య. ఎందుకంటే మావయ్య ఇంటిపేరు కోహెనోవ్.

"కోహెన్ అంటే యాజకుడు. యెరూషలేము గుడిలో ధూపం వేసినవాళ్లం. వెనకున్న 'ఓవ్' మాది కాదు, రష్యా గుమాస్తా కట్టిన తోక. వాళ్లకి 'హ' నోరు తిరగదు. అందుకని కొన్నిచోట్ల కోగన్ అయ్యాం, కాగన్ అయ్యాం. అయినా ఏ దేశం పో, మావాడొకడు తగుల్తాడు. యూదుల్లో ఇంతగా పాకిన పేరు ఇంకోటి చూపించు చూద్దాం."

చూపించేవాళ్లెవరు? అందరి మొహాలకీ సబ్బు నురగ ఉండేది.

ఒకసారి ఒక రష్యా సైనికాధికారి వచ్చి కూర్చున్నాడు. పేరు ఇవానోవ్. బతికిపోయాం, ఇందులో యూదుల ప్రసక్తి ఏమీ లేదనుకున్నాను. మావయ్య ఆయన గడ్డం పైకెత్తి, కత్తి ఆనించి, "ఇవాన్ అంటే యోహానాన్. మా పేరే అది. ఎప్పుడు పట్టుకెళ్లారో గానీ బాగానే వాడుకుంటున్నారు" అన్నాడు. అధికారి గుటక మింగాడు. కత్తి కింద గొంతుముడి ఇంత ఎత్తున లేచి దిగింది. నా చేతిలో కత్తెర జారిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన, "మా ఆవిడది సెమ్యోనోవా. అదీ మీదేనా?" అని అడిగాడు.

"షిమ్యోను. అదీ మాదే. మీ ఇంట్లో ఎవరూ మిగల్లేదండి" అన్నాడు మావయ్య జాలిగా.

ఇంత గొప్ప ఇంటిపేరుతో పాటు ఆయనకు అంత భయమూ సంక్రమించింది. కోహెన్ అయినవాడు శవం దగ్గరికి పోకూడదు, శ్మశానంలో అడుగు పెట్టకూడదు. శవయాత్ర వస్తోందని వినబడితే చాలు, సగం గీసిన గడ్డాన్ని నాకు అప్పగించి పెరటి గుమ్మంలోంచి మాయమయ్యేవాడు. మహల్లాలో ఎవరికి జ్వరమొచ్చినా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

"మీ నాన్నకెలా ఉంది?"

"నయమే మావయ్యా, జావ తాగాడు."

"సంతోషం. ఒకవేళ... ఒకవేళకే అడుగుతున్నా, ఏ వీధిగుండా తీసుకెళ్దామనుకుంటున్నారు?"

ఈ మాటకు ఒకాయన జబ్బుమంచం మీంచి లేచొచ్చి మరీ దెబ్బలాడాడు. ఆ కోపంతోనే కోలుకున్నాడని మహల్లాలో చెప్పుకునేవారు.

తన అన్న పోతే, ఆయన కొడుకు అవ్నేర్‌ను మావయ్యే పెంచాడు. గడియారాలు బాగుచేసే కుర్రాడు, నెమ్మదస్తుడు. కోహెన్ కర్తవ్యాలన్నీ వాడికి అన్నంతో పాటే కలిపి పెట్టాడు. అలాంటివాడు తోవుస్‌ని ప్రేమించాడు. తోవుస్ దర్జీపని చేస్తుంది, నవ్వితే ఎదుటివాళ్లకీ నవ్వొస్తుంది. మా ఇంటి వరసలోనే అద్దెకుండేది. తాగి కొట్టే మొగుడి దగ్గర్నుంచి విడాకులు తీసుకుని వచ్చింది.

అవ్నేర్ మా మతగురువు రబ్బీ బెన్సియోన్ దగ్గరికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కూర్చోబెట్టి టీ పోసి, "నాయనా, కోహెన్ విడాకులైన పిల్లను చేసుకోకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు, నేను తీసేస్తే పోయేదీ కాదు" అన్నాడు. అవ్నేర్ టీ తాగకుండా లేచి వచ్చేశాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేద్దామంటే తోవుస్ ఒప్పుకోలేదు. "ఒకసారి తలదించుకుని మొగుడి గడప దాటొచ్చాను. ఈసారి దొంగలా చేసుకోను" అంది. ఈలోగా దుషంబేలో ఉన్న ఆమె అన్నలు, నలుగురు పిల్లలున్న విధురుణ్ణి చూశామని, పండగ వెళ్లగానే వచ్చి తీసుకుపోతామని కబురు పంపారు.

మహల్లా అంతటికీ తెలుసు, ఒక్క మావయ్యకు తప్ప. ఆయనకెవరు చెప్తారని అందరం గుబులుగా తిరుగుతున్నాం. చివరికి రొట్టెలమ్మే మిఖోయెల్ గడ్డం గీయించుకుంటూ నోరు జారాడు.

"పాపం అవ్నేర్. రబ్బీ కాదన్నాడటగా."

"దేనికి?"

మిఖోయెల్ అద్దంలో నావైపు చూశాడు. నేను దువ్వెన వైపు చూశాను.

"దేనికిరా?"

"పెళ్లికి మావయ్యా. తోవుస్‌తో. మీ ఇంటిపేరు వల్ల కుదరదన్నాడట."

కత్తి మిఖోయెల్ గొంతు మీద ఆగిపోయింది. ఆగి, అలాగే ఉండిపోయింది. నేను మెల్లగా వెళ్లి మావయ్య చెయ్యి పట్టుకుని కత్తి తీసుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఎవర్నీ ఇంటిపేరు అడగలేదు. కొత్తాయనొకడు తనంతట తానే "నాది కలొంతరోవ్, దీనికేదో అర్థముందంటారు" అని ఆశగా చెప్తే, "అలాగా" అని ఊరుకున్నాడు. ఆయన భార్య బులోర్ అత్త సెలూనుకే వచ్చేసింది.

"షముయెల్, మీ మావయ్యకి డాక్టర్ని పిలవనా? తిండి లేదు. పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ ఎవరితోనో గొడవ పడుతున్నాడు."

"ఎవరితో అత్తా?"

"ఇంకెవరితో, అహరోనుతో. నాకు తెలిసి అహరోనే గెలుస్తున్నాడు."

ఆ శనివారం ప్రార్థన మందిరం నిండిపోయింది. ధర్మగ్రంథం తెరిచాక, దాని ముందుకొచ్చి చదవమనే మొదటి పిలుపు కోహెన్‌కి. పిలుపు సగంలో ఉండగానే లేచి నిలబడేవాడు మావయ్య. ఆరోజు రబ్బీ పిలుపు ముగించినా కదల్లేదు. అవ్నేర్ తల దించుకుని నేల చూస్తున్నాడు.

"నెర్యో, నిన్నే" అన్నాడు రబ్బీ.

మావయ్య లేచాడు. ముందుకు మాత్రం వెళ్లలేదు.

"ఆ పిలుపు నాది కాదు. మా ఇంటిపేరు కోహెన్ నుంచి రాలేదు. కుహ్నా నుంచి వచ్చింది. కుహ్నా అంటే మన భాషలో పాతది. మా తాతలు బుఖారా బజార్లో పాతబట్టలమ్మేవాళ్లు. కుహ్నా, కుహ్నా అని అరుచుకుంటూ తిరిగితే రష్యా గుమాస్తా కోహెనోవ్ అని రాసుకున్నాడు."



"మరి ఇన్నేళ్లూ చెప్పిందంతా?" అన్నాడు రబ్బీ.

"గొప్పలు పోయాను. మా నాన్న నాకు అసలు సంగతి చెప్పే పోయాడు. నేనే దాచాను."

రబ్బీ చాలాసేపు గడ్డం సవరించుకున్నాడు. ఆ గడ్డాన్ని ఏళ్ల తరబడి కత్తిరిస్తున్నది మావయ్యే. యెరూషలేము ధూపం గురించి ఆయన వినని ముక్క లేదు.

"ఇకమీదట మొదటి పిలుపు ఉండదు. పండగనాడు జనాన్ని దీవించడానికి చేతులెత్తకూడదు. నీకూ అంతే, మీ వాడికీ అంతే. తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు."

రబ్బీ మావైపు తిరిగాడు. "ఇతను కోహెన్ అనడానికి సాక్ష్యం చెప్పగలవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

అక్కడున్న ప్రతి మగాడికీ ఆ వంశావళి కంఠతా వచ్చు. మిఖోయెల్ దగ్గు ఆపుకున్నాడు. ఎవరో ఒక్కరు నోరు తెరిచినా పెళ్లి ఆగిపోతుంది. ఎవరూ తెరవలేదు.

"సాక్ష్యం లేనప్పుడు నేను మాత్రం ఏం చేస్తాను" అని రబ్బీ పక్కనున్నవాణ్ణి పిలిచాడు. ఆయన కళ్లు తుడుచుకుంటున్నట్టు నాకనిపించింది. పాత మందిరం, ధూళి ఎక్కువే మరి.

పెళ్లి మా వాకిట్లోనే జరిగింది. దుషంబే అన్నలు మొహాలు ముడుచుకుని వచ్చి, పలావు తిన్నాక ముడులు విప్పి, డప్పు మోగగానే చిందులేశారు. మావయ్య ఒక మూల కూర్చున్నాడు. పెళ్లిబట్టల్లోనే తోవుస్ వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నా కోసం అంత పేరు పోగొట్టుకున్నారు, మావయ్యా. మీ మొహం ఎలా చూడాలో తెలియట్లేదు."

"పిచ్చిదానా, పోయిందేముంది? కోహెన్లంటావా, ఏ ఊళ్లో రాయి విసిరినా ఒకడికి తగుల్తుంది. ఒకడు తగ్గాడని వాళ్లకి తెలియను కూడా తెలీదు. అదే పాతబట్టల కోహెనోవ్‌లంటే, ప్రపంచం మొత్తం వెతుక్కో, మనింట్లో తప్ప దొరకరు." ఆయన కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "మేం అల్లాటప్పా పాతబట్టలవాళ్లం కాదమ్మా. బుఖారా ఏలిన ఎమీరుగారి అంగీలు మాత్రమే అమ్మేవాళ్లం."