షుగర్ పరీక్షలో ఊరి ఫస్టు

ఆరోగ్యం మామ చదువులో ఎన్నడూ ఫస్టు రాలేదు. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ లెక్కల్లో తప్పి, చివరికి కరెంటోళ్ల వెంట తిరిగి స్తంభాలెక్కడం నేర్చుకుని, లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. అలాంటి మనిషికి అరవై దాటాక, ములకలపల్లి అవతల అడవి మొదలయ్యే మా ఊళ్లో, వరసగా నాలుగేళ్లు ఫస్టు ర్యాంకు వచ్చింది. అదీ షుగర్ పరీక్షలో. ఆ నాలుగేళ్లూ ఆయన పక్కింట్లో నేనెలా బతికానో నాకే తెలుసు.

సంగతేమిటంటే, హైదరాబాదు నుంచి ఒక ఆరోగ్య సర్వే వాళ్లు మా ఊరిని ఎంచుకున్నారు. వాళ్లు వైద్యం చేయరు. ఏడాదికోసారి వచ్చి, పరగడుపున వేలి చివర చుక్క రక్తం తీసి, బరువూ బీపీ చూసి, నిన్న ఏం తిన్నారని అడిగి రాసుకుపోతారు. షుగర్ ఎక్కువుంటే దవాఖానాకు పొమ్మంటారు, అంతే. మామూలుగా బతికే జనానికి ఏళ్లు గడిచేకొద్దీ ఏమవుతుందో చూడడం వాళ్ల పని. మీరు మామూలుగా బతకండి, అదే చాలు అని మొదటిరోజే చెప్పారు. ఆ ఒక్కటీ మా ఊరికి చేతకాలేదు.

మొదటి తప్పు శాంతికుమార్‌ది. ఊళ్లు తిరిగి చుక్కలు తీసేది అతనే. మంచివాడు, అదే అతని జబ్బు. జనం పనులకు పోకుండా ఇళ్ల దగ్గర దొరకాలని వారం ముందే పాస్టరు గారికి ఫోన్ చేసేవాడు. పాస్టరు గారు ఆదివారం ఆరాధన చివర్లో, పెళ్లి ప్రకటనలతో పాటు సర్వే తేదీ కూడా చదివేవారు. శుక్రవారం ఎలాగూ ఉపవాస ప్రార్థన ఉంటుంది, మర్నాడు పొద్దున అయితే అందరికీ సులువని శనివారమే పెట్టించేవారు. పైగా శాంతికుమార్ చుక్క తీసి ఊరుకోడు. నంబరు బిగ్గరగా చదివి, ఊళ్లో అందరికంటే మీదే బాగుంది పెద్దాయనా అనేవాడు. ఇంకేముంది, అది పరీక్షైపోయింది.

ఆదివారం ప్రకటన చెవిన పడగానే మామ చదువు మొదలయ్యేది. టీ బంద్. పొద్దున కాకరకాయ రసం, రాత్రి మెంతినీళ్లు, సాయంత్రం జీడితోటల దాకా నడక. శుక్రవారం ఉపవాసంలో అందరూ ఆత్మల కోసం మోకరిస్తే ఈయన షుగర్ కోసం మోకరించేవాడని మా ఆవిడ అంటుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు, ఆయన్ని చూసి ఊరంతా అదే పట్టింది. ఒక ఏడాదైతే కాకరకాయలు చాలక దమ్మపేట నుంచి తెప్పించాం. తండాలో ఉండే దేవ్లా కొద్దిలో సెకండ్ వచ్చి, మామతో మాట్లాడడమే మానేశాడు. ఫలితం రాగానే మామ ఆ నంబరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. నాదెంతో అడిగి తెలుసుకుని, అయ్యో అల్లుడా అని జాలిపడేవాడు. ఆ మర్నాటి నుంచి మళ్లీ బెల్లం టీ, పాకం గారెలు, జిలేబీలు. చింత చచ్చినా పులుపు చావదంటారు, ఈయనకు తీపి చావలేదు.

నవ్వులాట నవ్వులాటే గానీ, నలిగిపోయింది ఆయన భార్య విశ్రాంతమ్మత్త. మామ కాలి బొటనవేలికి దెబ్బ తగిలి రెండు నెలలైనా మానలేదు. రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తున్నాడు. దవాఖానాకు పోదాం రమ్మంటే, మిషనే తనను ఫస్టంటుంటే డాక్టరు కొత్తగా చెప్పేదేముందని కొట్టిపారేసేవాడు. అత్త వాళ్ల అన్నకు ఇలాగే వేలితో మొదలై మోకాలి దాకా కాలు తీసేశారు. ఆ సంగతి తలుచుకుని ఒకరోజు మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. అప్పటిదాకా మామ మీద నాకున్నది కుళ్లు, ఆ రోజు నుంచి భయం కూడా తోడైంది.

అదే సమయంలో హైదరాబాదులో హేమలత అనే అమ్మాయికి మా ఊరి మీద అనుమానం వచ్చింది. సర్వే నంబర్లను డాక్టర్లు వాడుకోకముందు, బియ్యంలో రాళ్లేరినట్టు తప్పులు ఏరడం ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో షుగర్లు ఏటా పెరుగుతుంటే మా ఊళ్లో తగ్గుతున్నాయి. నిన్న ఏం తిన్నారన్న ప్రశ్నకు సగం ఊరు ఏమీ తినలేదనే రాయించింది. తిండి మానేసి ఇంత సుఖంగా బతికే ఊరు ఎక్కడా ఉండదని ఆమెకు తోచింది. శాంతికుమార్ నిజంగా ఊరికి పోతున్నాడా, ఏ టీకొట్లోనో కూర్చుని రాసేస్తున్నాడా తేల్చుకుందామని కొన్ని ఇళ్లకు ఫోన్ చేసింది. మామ ఫోన్ అత్త ఎత్తింది. మీ ఆయన మామూలు రోజుల్లో ఏం తింటారమ్మా అని హేమలత అడిగింది. అత్త ఊపిరి తీసుకోకుండా అన్నీ చెప్పింది. చివర్లో, ఈసారి ఎవరికీ చెప్పకుండా రమ్మని బతిమాలింది.

వాళ్లు మంగళవారం పొద్దున్నే వచ్చారు. మామ ముందురోజే దమ్మపేటలో పెళ్లికి పోయి లడ్డూల పొట్లంతో తిరిగొచ్చాడు. జీపు ఆగేసరికి అరుగు మీద ఆ పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. శాంతికుమార్ వెనక కొత్తమ్మాయి దిగడం చూసి పొట్లాన్ని పంచె కింద దోపాడు. పరగడుపేనా అని అడిగితే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదన్నాడు. మీసాల మీద బూందీ ఉంది.

మిషన్ మూడువందల పద్దెనిమిది చూపించింది.

మిషన్‌కు జ్వరమొచ్చిందన్నాడు మామ. శాంతికుమార్ తన వేలు పొడుచుకుని చూపించాడు, మామూలుగానే ఉంది. మామ ఊరుకోక నన్ను కేకేసి నా వేలు కూడా పొడిపించాడు. నాది ఎప్పట్లాగే ఎక్కువొచ్చింది కాబట్టి మిషన్ తప్పు కాదని ఆయనే ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు అసలు వాదనకు దిగాడు. చెప్పాపెట్టకుండా పరీక్ష పెట్టడం అన్యాయమన్నాడు. ఈ నంబరు కొట్టేసి శనివారం మళ్లీ రమ్మన్నాడు, అంత తొందరైతే పోయినేడాది నంబరే రాసుకోమన్నాడు.

"కొట్టెయ్యం తాతా," అంది హేమలత. "లడ్డూ తిన్నరని కూడ రాస్తం. తిన్నందుకు మార్కులు తగ్గించం. పోయిన నాలుగేండ్ల నంబర్ల పక్కన మాత్రం నమ్మొద్దని గుర్తు పెడుతున్న. అవి మీయి కావు, కాకరకాయవి."

నాలుగేళ్ల ర్యాంకులు ఒక్క మాటతో పోయాయి. నిజానికి ఈ రోజు కోసం నేను నాలుగేళ్లుగా కాచుకుని కూర్చున్నాను. తీరా వచ్చాక మామ ముఖం చూడలేకపోయాను. ఆయన మెల్లగా ఇంటివైపు తిరిగి, వీళ్లకు ఎవరు చెప్పారని అడిగాడు.

గడపలో నిలబడ్డ అత్త లోపలికి పోలేదు.

"నేనే చెప్పిన," అంది. "వాళ్లకు నీ నంబరు కావాలె. నాకు నువ్వు కావాలె."

మామ వంగి, మానని బొటనవేలి కట్టు సర్దుకున్నాడు. తర్వాత మూతి తుడుచుకుని హేమలతను అడిగాడు.

"దవాఖానాల ఇచ్చే షుగర్ గోలీ తినకముందు ఏసుకోవాలెనా బిడ్డా, తిన్నంకనా?"